బ్యాటరీకి ఎండ పడదు

రేడియో సెల్లులు నీరసపడితే ఎండలో పెట్టిన ఇళ్ళు మనవి. యాభై దాటినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పాట సన్నబడుతుంది, వార్తలు చదివే ఆయన గొంతు బొంగురుపోతుంది, ఆఖరికి గరగర ఒక్కటే మిగులుతుంది. అప్పుడు వెనక మూత తీసి, సెల్లులు బయటికి లాగి, పిట్టగోడ మీద వరసగా నిలబెట్టేవాళ్ళు. ఎండలో కాగి వచ్చిన సెల్లులు మళ్ళీ కాసేపు పాడించేవి. నాటకం అయ్యేదాకా ఆగితే చాలు, అంతకన్నా ఎవరూ కోరేవాళ్ళు కాదు. పంటితో నొక్కి సొట్టలు పెట్టే అలవాటు కూడా కొన్ని ఇళ్ళలో ఉండేది.

ఆ వైద్యాన్ని ఉత్త మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి. ఆ సెల్లు ఒక జింకు డబ్బా, మధ్యలో కార్బన్ కడ్డీ, వాటి నడుమ తడి ముద్ద. వాడగా వాడగా లోపల చర్య మందగిస్తుంది. వేడి తగిలితే కాస్త చురుకవుతుంది, అడుగున మిగిలిన శక్తి ఇంకొంచెం బయటికొస్తుంది. ఎవరూ పుస్తకం చదివి నేర్చుకోలేదు, చేసి చూసి తెలుసుకున్నారు. ఆ సెల్లుకు ఆ పని సరైనదే.

ఈ రోజు మన జేబులో ఉన్న బ్యాటరీకి మాత్రం అదే ఎండ ప్రాణాంతకం. నేను మీతో చెప్పాలనుకుంటున్నది ఇదే. మన ఇళ్ళలో చార్జింగ్ గురించి తిరిగే సలహాల్లో చాలావరకు ఒకప్పుడు నిజమైనవే. అవి పుట్టింది వేరే బ్యాటరీల కోసం. ఆ బ్యాటరీలు వెళ్ళిపోయాయి, సలహాలు మాత్రం ఉండిపోయాయి.

ఒక్కొక్కటీ చూద్దాం. "కొత్త ఫోను కదా, ముందు ఎనిమిది గంటలు ఆపకుండా చార్జింగ్ పెట్టండి" అని షాపు అతను చెప్పేవాడు. "పూర్తిగా అయిపోయాకే పెట్టు, మధ్యలో పెడితే పాడైపోతుంది" అని ఇంట్లో పెద్దవాళ్ళు అనేవారు. ఈ రెండు మాటలూ నికెల్ బ్యాటరీల కాలం నాటివి. నికెల్ కాడ్మియం బ్యాటరీని ప్రతిసారీ ఒకే మేరకు వాడి మళ్ళీ నింపుతూ ఉంటే, క్రమంగా అంతవరకే పనిచేసి చతికిలపడేది. అందుకే అప్పుడప్పుడూ పూర్తిగా దించి నింపేవాళ్ళు. 2000లో నోకియా 3310 వచ్చినప్పుడు దాని వెనక ఉన్నది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. 2003లో టార్చిలైటుతో వచ్చిన నోకియా 1100కి వచ్చేసరికి లిథియం అయాన్ బ్యాటరీ పెట్టారు. పల్లెటూళ్ళలో పొలానికి నీళ్ళు కట్టడానికి రాత్రిపూట వెళ్ళేవాళ్ళ చేతిలో ఆ ఫోను లైటు ఎలా వెలిగేదో మీరు చూసే ఉంటారు. బయటికి అదే నోకియా, అదే లావుపిన్ను చార్జరు. లోపల రసాయనం పూర్తిగా వేరు. ఆ మార్పు గురించి కొనేవాడికి ఎవరూ చెప్పలేదు.

ఇక ఇలాంటి సలహాలకు మూడో గురువు ఇంట్లో ఇన్వర్టర్. దాని కింద ఉండే బరువైన బ్యాటరీ సీసంతోనూ, గంధకామ్లంతోనూ పనిచేస్తుంది. దానికి నిండుగా ఉండటమే ఆరోగ్యం. చార్జ్ తగ్గిపోయిన స్థితిలో వారాల తరబడి వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి ఇక లొంగదు. అందుకే ఎప్పుడూ ఫుల్లుగా ఉంచాలి, డిస్టిల్డ్ వాటర్ చూసుకుంటూ ఉండాలి అని మెకానిక్ చెబుతాడు. సరైన మాటే. అదే మాట ఫోనుకీ, ల్యాప్‌టాప్‌కీ వర్తిస్తుందనుకుని చాలామంది వాటిని ప్లగ్గులోనే ఉంచేస్తారు. లిథియం బ్యాటరీ స్వభావం దీనికి దాదాపు తలకిందులు. నిండుగా చాలాకాలం ఉండటం దానికి భారం, ఖాళీగా చాలాకాలం ఉండటం ప్రమాదం, నడిమధ్య ఉండటం హాయి.

ఈ లిథియం బ్యాటరీ పుట్టిన కథ నాకు చాలా ఇష్టం. కాసేపు అక్కడ ఆగుదాం. 1970లలో అమెరికాలో ఎక్సాన్ అనే చమురు కంపెనీయే పెట్రోలుకు ప్రత్యామ్నాయాలు వెతకడానికి శాస్త్రవేత్తలను తీసుకుంది. వాళ్ళలో ఒకరు స్టాన్లీ విట్టింగ్‌హామ్. టైటానియం డైసల్ఫైడ్ ఒక పక్క, లిథియం లోహం ఇంకో పక్క పెట్టి, మళ్ళీ మళ్ళీ చార్జ్ చేసుకోగల బ్యాటరీ తయారుచేశారు. అయితే లిథియం లోహం ఊరుకునే రకం కాదు. ప్రయోగశాలలో మంటలు లేచేవి. అగ్నిమాపక సిబ్బంది పలుమార్లు వచ్చి ఆర్పాల్సి వచ్చింది. ఆ మంటలు ఆర్పడానికి వాడే ప్రత్యేక రసాయనాల ఖర్చు ఇక మీరే కట్టుకోవాలని ఆఖరికి వాళ్ళు హెచ్చరించారట.

1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం టైటానియం డైసల్ఫైడ్ బదులు కోబాల్ట్ ఆక్సైడ్ వాడితే నాలుగు వోల్టులు వస్తాయని చూపించింది. అప్పటికే ఆయనకు అరవై దగ్గరపడుతున్నాయి. 1985లో జపాన్‌లో అకిరా యోషినో ప్రమాదకరమైన లిథియం లోహాన్ని పూర్తిగా తప్పించి, ఆ స్థానంలో పెట్రోలియం కోక్ అనే కార్బన్ పదార్థాన్ని పెట్టారు. ఆ బ్యాటరీ ఎంత భద్రమో తెలుసుకోవడానికి పేలుడు పదార్థాలను పరీక్షించే చోటికి తీసుకెళ్ళి, దాని మీద పెద్ద ఇనుప ముద్దను పడేశారు. ఏమీ కాలేదు. లిథియం లోహమున్న బ్యాటరీ మీద పడేస్తే భగ్గున పేలింది. నిజమైన లిథియం అయాన్ బ్యాటరీ ఆ రోజే పుట్టిందని ఆయన భావించారు. 1991లో సోనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది.

2019లో ఈ ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. గుడినఫ్‌కు అప్పటికి 97 ఏళ్ళు. అంత వయసులో నోబెల్ అందుకున్నవాళ్ళు మరొకరు లేరు. స్టాక్‌హోమ్‌లో ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం ఇచ్చినవారు మద్రాసు ఐఐటీలో డాక్టరేటు చేసి, ఆయనతో ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన అరుముగం మంథిరం. గుడినఫ్ 2023 జూన్‌లో, నూరేళ్ళు నిండాక కన్నుమూశారు. మనం రోజూ అలవోకగా ప్లగ్గులో గుచ్చే వస్తువు వెనక ఇంతమంది జీవితకాలపు శ్రమ ఉంది. దాన్ని కాస్త తెలిసి వాడుకుంటే బాగుంటుందని నా ఆశ.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఒక పక్క లోహపు ఆక్సైడ్, మరో పక్క పొరలు పొరలుగా ఉండే గ్రాఫైట్, మధ్యలో ద్రవం. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఆక్సైడ్ నుంచి బయల్దేరి గ్రాఫైట్ పొరల మధ్యకు చేరతాయి. ఫోను వాడుతున్నప్పుడు వెనక్కి వస్తాయి. అంతే. గ్రాఫైట్ మీద మొదటి చార్జింగ్‌లోనే ఒక సన్నని పొర ఏర్పడుతుంది. అది అవసరమే, కాపు కాస్తుంది. అయితే అది ఎప్పటికీ కొంచెం కొంచెం మందమవుతూనే ఉంటుంది. మందమైన ప్రతిసారీ కాస్త లిథియాన్ని తనలో కట్టేసుకుంటుంది. అలా చిక్కుకున్న లిథియం ఇక ఫోనుకు పనికిరాదు. "రెండేళ్ళకే చార్జింగ్ నిలవడం లేదు" అని మనం అనేదానికి అసలు కారణం ఎక్కువగా ఇదే.

ఆ పొర పెరగడానికి ఊతమిచ్చేవాటిలో మొదటిది వేడి. రెండోది, నిండా నింపి ఎక్కువసేపు ఉంచడం. నిండినప్పుడు వోల్టేజీ 4.2 దాకా, కొత్త ఫోన్లలో ఇంకా పైకి వెళుతుంది. ఆ ఒత్తిడిలో లోపలి ద్రవం నెమ్మదిగా విరుగుతూ ఉంటుంది. ఈ రెండూ కలిశాయంటే నష్టం వేగంగా జరుగుతుంది. బ్యాటరీల పనివాళ్ళు తరచూ చూపించే లెక్క ఒకటుంది. 25 డిగ్రీల దగ్గర, 40 శాతం చార్జ్‌తో ఏడాది పాటు దాచిన బ్యాటరీ సుమారు 4 శాతం సామర్థ్యం కోల్పోతుంది. అదే 25 డిగ్రీల్లో నిండా నింపి దాచితే 20 శాతం దాకా పోతుంది. 40 డిగ్రీల్లో నిండా నింపి దాచితే 35 శాతం వరకూ గల్లంతు. బ్యాటరీ రకాన్ని బట్టి ఈ అంకెలు అటూఇటూ అవుతాయి గాని, దిశ మాత్రం మారదు.

ఇప్పుడు మన ఊళ్ళను తలుచుకోండి. ఐఫోను చేసే ఆపిల్ కంపెనీ తన ఫోన్లకు హాయిగా ఉండే వాతావరణం 16 నుంచి 22 డిగ్రీలని చెబుతుంది, 35 దాటిన చోట వాడొద్దంటుంది. మనకు ఏప్రిల్ వస్తే మధ్యాహ్నం కాకముందే 35 అవుతుంది. రెంటచింతలలో, రామగుండంలో, కొత్తగూడెంలో మే నెల మధ్యాహ్నం 45 దాటిన రోజులు మనకు కొత్త కాదు. ఆ ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అక్కడ ఫోను వదిలేసి పెళ్ళి భోజనానికి వెళ్ళొస్తే, ఆ రెండు గంటల్లో జరిగిన నష్టం తిరిగి రాదు.

మా వీధి చివర ఫోన్లు బాగుచేసే కుర్రాడొకడున్నాడు. పని తెలిసినవాడు, మాట నిదానం. "మే, జూన్ నెలల్లో ఉబ్బిన బ్యాటరీలు ఎక్కువ వస్తాయి సార్. సగం మంది బండ్ల మీద డెలివరీ చేసేవాళ్ళే" అన్నాడు. నాకు ఆ మాట మనసులో ఉండిపోయింది. ఎండలో హ్యాండిల్‌కి బిగించిన ఫోను, దారి చూపించే మ్యాప్ ఆన్‌లో, తెర వెలుగు పూర్తిగా పెంచి, పక్కన పవర్ బ్యాంక్ నుంచి చార్జింగ్. వేడి పుట్టించేవన్నీ ఒక్కచోట చేరాయి. ఆ ఫోను ఆగితే ఆ రోజు కూలి ఆగుతుంది. ఆటో నడిపేవాళ్ళదీ, క్యాబ్ నడిపేవాళ్ళదీ ఇదే పరిస్థితి. వాళ్ళు ఫోను ఎండలో వాడకుండా ఉండలేరు. చేయగలిగింది కొంత ఉంది. ఫోను మీద నేరుగా ఎండ పడకుండా చిన్న అట్టముక్కైనా అడ్డం పెట్టాలి. ఎండలో ఉన్నంతసేపు చార్జింగ్ ఎక్కించకుండా, హోటల్ దగ్గర నీడన ఆగినప్పుడు పెట్టాలి. దళసరి రబ్బరు కవరు వేసవిలో తీసేస్తే మేలు. డెలివరీ కంపెనీలు వేసవిలో కాస్త నీడ, నాలుగు ప్లగ్గులు ఉన్న చోట్లు ఏర్పాటు చేస్తే వాళ్ళ ప్రాణానికీ, ఫోన్లకూ కూడా మంచిది. అది వాళ్ళ బాధ్యత అని నేను గట్టిగానే అంటాను.

వేడెక్కిన ఫోనును ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. లోపల చెమ్మ పడుతుంది. ఫ్యాను కింద పెట్టండి, చాలు.

ఇక అందరూ అడిగే ప్రశ్న. రాత్రంతా చార్జింగ్‌లో పెట్టవచ్చా? "పేలిపోతుందేమో" అన్నది ఒక భయం, "ఓవర్ చార్జ్ అయిపోతుంది" అన్నది ఇంకొకటి. మంచి ఫోను, మంచి చార్జరు అయితే ఓవర్ చార్జ్ కాదు, నిండగానే ఫోనులోని చిప్ ఆపేస్తుంది. అసలు చార్జింగే రెండు అంచెల్లో జరుగుతుంది. డిపోలోంచి ఖాళీగా వచ్చిన ఆర్టీసీ బస్సులోకి జనం చకచకా ఎక్కుతారు, సీట్లన్నీ నిండాక ఒక్కొక్కరే సర్దుకుంటూ ఎక్కాలి. బ్యాటరీ కూడా 70, 80 శాతం దాకా జోరుగా ఎక్కి, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. "80 నుంచి 100కి ఎందుకింత సేపు?" అని విసుక్కునేవాళ్ళు ఇది గమనించాలి. అక్కడ తొందరపెడితే బ్యాటరీకే దెబ్బ.

రాత్రి చార్జింగ్‌లో అసలు చిక్కు ఏమిటంటే, పన్నెండింటికే నిండిపోయి తెల్లారేదాకా వంద శాతం దగ్గరే నిలబడి ఉండటం, అదీ ఏ దిండు కిందో దుప్పటి కిందో ఉడుకుతూ ఉండటం. కొత్త ఫోన్లలో దీనికి సెట్టింగు ఉంది. 80 దగ్గర ఆపి, మీరు లేచే వేళకు మిగతాది నింపుతుంది. కొన్నింటిలో 80 శాతానికే పరిమితి పెట్టుకోవచ్చు. సెట్టింగుల్లో బ్యాటరీ అన్నచోట వెతికితే దొరుకుతుంది. ఒకసారి ఆన్ చేసి మర్చిపోండి. ఫోను మాత్రం బల్ల మీద, గాలి తగిలేలా ఉంచండి. దిండు కింద ఎప్పుడూ వద్దు. ఇది బ్యాటరీ కోసం కన్నా మీ కోసం చెబుతున్న మాట.

ల్యాప్‌టాప్‌కి ఈ పరిమితి ఇంకా ముఖ్యం. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ ల్యాప్‌టాప్ నెలల తరబడి ప్లగ్గులోనే ఉంటుంది, దాదాపు ఎప్పుడూ నూటికి నూరు. దానికి తోడు పరుపు మీద పెట్టుకోవడం, కింద గాలి రంధ్రాలు మూసుకుపోవడం. కొన్నాళ్ళకు టచ్‌ప్యాడ్ పైకి లేచి నొక్కుడు పడకపోతే, దాని కింద బ్యాటరీ ఉబ్బిందేమో అని మొదట అనుమానించండి. చాలా కంపెనీల ల్యాప్‌టాపుల్లో 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఇప్పుడు ఉంది. ఎప్పుడూ ప్లగ్గులోనే వాడేవాళ్ళకు దీనికి మించిన చిట్కా లేదు.

మధ్యలో కాస్త కాస్త చార్జింగ్ పెట్టడం వల్ల "సైకిల్" ఖర్చయిపోతుందని కొందరి బెంగ. సగం వాడి సగం నింపడం రెండుసార్లు చేస్తే ఒక్క సైకిలే లెక్క. పైగా అలా చిన్న చిన్నగా నింపుకోవడమే బ్యాటరీకి ఇష్టం. ఐఫోను 14 దాకా 500 పూర్తి సైకిళ్ళకు 80 శాతం సామర్థ్యం మిగలాలన్నది ఆపిల్ లెక్క, 15 నుంచి అది 1000 అయింది. యూరోపియన్ యూనియన్ అయితే 2025 జూన్ నుంచి అమ్మే ఫోన్లకు 800 సైకిళ్ళ తర్వాత కూడా 80 శాతం మిగిలి తీరాలని చట్టమే చేసింది. మన దేశంలో కూడా అలాంటి నిబంధన రావాలి. వేసవి మనకే ఎక్కువ కదా, అవసరమూ మనకే ఎక్కువ.

అయితే ఈ 80 శాతం మాట పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకోకండి. తీరప్రాంతం వాళ్ళకు నేను వేరేగా చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. కార్లలోంచి, జనరేటర్ల దగ్గర క్యూలు కట్టి ఫోన్లు చార్జ్ చేసుకున్నారు. తుపాను హెచ్చరిక వచ్చిందంటే పరిమితులన్నీ తీసేసి ఫోనూ, పవర్ బ్యాంకూ నూటికి నూరు నింపి పెట్టుకోండి. ఆస్పత్రికి వెళుతున్నా, దూరప్రయాణం ఉన్నా అంతే. బ్యాటరీ మనకోసం. దానికి మనం సేవ చేయనక్కర్లేదు.

పవర్ బ్యాంక్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక లెక్క చెప్పి వెళతాను. పెట్టె మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. మన ఫోను బ్యాటరీ 5,000. రెండుసార్లు నిండాలి కదా, నిండదు. కంపెనీ మోసం చేసిందని చాలామంది కోప్పడతారు. ఆ 10,000 అన్నది లోపలి సెల్లు వోల్టేజీ 3.7 దగ్గర లెక్క. బయటికి 5 వోల్టులుగా మార్చి పంపాలి. 10,000 ఎంఏహెచ్ అంటే 10 ఆంపియర్ అవర్లు కాబట్టి, 3.7ని 10తో గుణిస్తే 37 వాట్ అవర్లు, దాన్ని 5తో భాగిస్తే 7,400 ఎంఏహెచ్. అందులో మార్పిడికి, వేడికి కొంత పోతే చేతికొచ్చేది సుమారు ఆరు వేల పైచిలుకు. నిజాయితీ గల కంపెనీలు ఈ రెండో అంకెను కూడా చిన్న అక్షరాల్లో వేస్తాయి. కొనేటప్పుడు అది చూడండి.

ఆ వాట్ అవర్ల లెక్కే విమానంలోనూ పనికొస్తుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు ఊరగాయలతో పాటు పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో సర్దేస్తూ ఉంటారు. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, చెక్‌ఇన్ లగేజీలో అస్సలు కుదరదు. 100 వాట్ అవర్ల దాకా మామూలుగా అనుమతిస్తారు, 100 నుంచి 160 వరకూ విమాన సంస్థను అడగాలి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, కాబట్టి ఇబ్బంది లేదు. సామాన్ల గదిలో మంట లేస్తే ఎవరికీ కనబడదు, పైన కూర్చునేచోట అయితే ఎవరో ఒకరు చూస్తారు. అందుకే ఆ నియమం.

అమెరికాకు చలికాలంలో వెళ్ళినవాళ్ళకు ఇంకో అనుభవం ఎదురవుతుంది. చికాగో చలిలో బస్టాపులో నిలబడితే 30 శాతం ఉన్న ఫోను ఉన్నట్టుండి ఆగిపోతుంది. చలికి అయాన్ల నడక మందగించింది, అంతే. లోపలికెళ్ళి వెచ్చబడితే లేస్తుంది. గడ్డకట్టే చలిలో ఉన్న ఫోనుకు వెంటనే చార్జింగ్ మాత్రం పెట్టకూడదు. అయాన్లు గ్రాఫైట్‌లోకి దూరలేక పైన లోహంగా పేరుకుంటాయి. ఆ నష్టం శాశ్వతం.

"చార్జింగ్‌లో ఉండగా ఫోను మాట్లాడొద్దు" అన్నది మన ఇళ్ళలో గట్టిగా పాతుకున్న మాట. ఇందులో నిజం ఉంది. ప్రమాదం బ్యాటరీ నుంచి కన్నా చార్జరు నుంచే ఎక్కువ. గోడలో ఉన్నది 230 వోల్టులు, ఫోనుకు వెళ్ళేది ఐదో, తొమ్మిదో. ఆ రెండిటినీ విడదీసే చిన్న ట్రాన్స్‌ఫార్మరు చార్జరులో ఉంటుంది. ఫుట్‌పాత్ మీద వంద రూపాయలకు దొరికే డూప్లికేట్ చార్జర్లలో ఆ ఎడం సరిగా ఉండదు. అది తెగితే గోడలోని కరెంటు చెవి దగ్గరకే వస్తుంది. చార్జరు మీద, పవర్ బ్యాంకు మీద బీఐఎస్ గుర్తు, దాని దగ్గర ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. పిల్లలున్న ఇంట్లో దీని దగ్గర పొదుపు చేయకండి. పొదుపు చేయాలంటే కరెంటు బిల్లులో కూడా ఏమీ మిగలదు, 5,000 ఎంఏహెచ్ ఫోనును రోజూ సున్నా నుంచి నిండా నింపినా ఏడాదికి పది యూనిట్లు మించదు.

ఈ బ్యాటరీలు ఇప్పటిదాకా మనకు ఎక్కువగా చైనా నుంచి వస్తున్నాయి. 2022 సెప్టెంబరులో తిరుపతిలో దేశంలోనే మొదటి లిథియం సెల్ కర్మాగారం ప్రయోగాత్మకంగా ఉత్పత్తి మొదలుపెట్టింది. 2023 మేలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్ళ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. మన ఎండల్లో తట్టుకునే సెల్లులు మన దగ్గరే చేయాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఇక ఒక బరువైన సంగతి. 2022 ఏప్రిల్‌లో కొద్దిరోజుల తేడాతో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇంట్లో చార్జింగ్‌కు పెట్టిన విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలు పేలి చెరొకరు ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా కుటుంబం నిద్రలో ఉంది. ఫోను బ్యాటరీ దానికన్నా ఎంతో చిన్నది, అయినా జాతి ఒకటే. పడుకునే గదిలో, బయటికి వెళ్ళే దారికి అడ్డంగా స్కూటర్ బ్యాటరీ చార్జింగ్ పెట్టకండి. ఎండలో తిరిగొచ్చిన బండిని ఓ గంట చల్లారనిచ్చాకే ప్లగ్గు పెట్టండి.

ఇంకో పని ఉంది, ఇది ఈ ఆదివారమే చేయండి. ప్రతి ఇంట్లోనూ ఒక సొరుగులో పాత ఫోన్లు, పనిచేయని పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు పడి ఉంటాయి. అవన్నీ తీసి చూడండి. వెనక మూత పైకి లేచిందా, బ్యాటరీ ఉబ్బిందా? ఉబ్బితే లోపల వాయువు నిండినట్టే. దాన్ని నొక్కకండి, సూదితో గుచ్చకండి, మళ్ళీ చార్జింగ్ పెట్టి చూడకండి. కాలే వస్తువులకు దూరంగా, ఏ ఇనుప డబ్బాలోనో విడిగా పెట్టండి. పనిచేస్తూ, దాచుకోవాలనుకున్న ఫోనుంటే సగం చార్జ్ చేసి స్విచ్చాఫ్ చేయండి, మూడు నాలుగు నెలలకోసారి తీసి చూడండి. మిగతావాటిని పొద్దున్నే వచ్చే మున్సిపాలిటీ చెత్తబండిలో మాత్రం వేయకండి. ఆ బండిలో చెత్తను చేత్తో వేరుచేసే మనుషులుంటారు, నలిగిన బ్యాటరీ వాళ్ళ చేతుల్లోనే అంటుకుంటుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. మీ ఫోను కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళి అడగండి. తీసుకోం అంటే, ఎందుకు తీసుకోరని మర్యాదగానే గట్టిగా అడగండి.